తొట్టెల త్రాడు ఎవరి చేతిలో?

నిద్ర నేర్పవలసిన విద్య కాదని లోకుల అభిప్రాయము. ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖమెరుగదు అను సామెత ఈ అభిప్రాయమునే బలపరచును. అయితే ఆ సామెత పెద్దవారిని చూచి పుట్టినది. పగలంతయు ఏనుమాముల మార్కెట్టులో మిరపబస్తాలు మోసిన కూలి కటికనేలపై మేను వాల్చినను మరునిమిషమున నిద్రించును. అతని ఇంటిలోని నాలుగు నెలల పసికందు మాత్రము మెత్తని పొత్తిళ్లలో పరుండియు నడిరేయి కన్ను తెరచి వాడకట్టంతయు వినునట్లు ఏడ్చును.

ఆ ఏడుపునకు కలిమిలేముల భేదము లేదు. వరంగల్లు కొత్తవాడలోని నేతగాని ఇంటను, కాజీపేట రైల్వే క్వార్టరులోను, హనుమకొండ కొత్త కాలనీలోని మేడపైనను అది ఒక్కతీరుగనే వినబడును. విన్నవెంటనే ఇంటివారందరి చూపులును ఒక్క మనిషి మీదికే పోవును. “పిల్లను పండబెట్టుడు గూడ రాదా?” అని అత్త అడుగును. భర్త అటు తిరిగి పరుండును. పొరుగువారు తెల్లవారిన పిమ్మట అడుగుదురు. తల్లియు తనలో తాను అదే ప్రశ్న వేసికొనును.

ఇందరి నోళ్ల నానుచున్న ఈ ప్రశ్న న్యాయమైనది కాదు. బిడ్డ నిద్ర తల్లి ఒక్కతె నేర్పరితనము కాదు. అది ఇల్లంతయు కలిసి చేయవలసిన పని. ఈ సంగతి పూర్వులకు తెలియును. ఇప్పటి శాస్త్రమునకును తెలియును. నడుమ సంసారములు చేయుచున్నవారే దానిని మరచిపోవుచున్నారు.

పూర్వులకు తెలియుననుటకు సాక్ష్యమును దూరమున వెదకనక్కరలేదు. పోతన పుట్టిన బమ్మెర ఒకప్పటి వరంగల్లు జిల్లాలోనిది, ఇప్పటి జనగామ జిల్లాలోనిది. ఆయన రచించిన భాగవత దశమస్కంధమున, నందుని ఇంట బిడ్డ కలిగెనని విని గోపికలు వచ్చిన ఘట్టమొకటి కలదు. వచ్చినవారు ఊరక చూచి పోలేదు. బిడ్డకు నూనె తలయంటిరి, పసుపు పూసిరి, నీళ్లు పోసిరి, దిష్టి తగులకుండ నీరు చుట్టి రాల్చిరి, పిదప తొట్లలో నుంచి, దీవించి, జోల పాడిరి. తరగతిలో పద్యము చదువునపుడు ఇది వర్ణనగ తోచును. పసిబిడ్డను పెంచినవారికి ఇది ఒక క్రమముగ కనబడును. మొదట నూనె, తరువాత స్నానము, తరువాత తొట్టెల, చివరకు పాట. అంతకంటె గమనింపదగినది మరియొకటి కలదు. ఆ పనులన్నియు చేసినది యశోద ఒక్కతె కాదు. చేసినవారు ఊరి స్త్రీలు.

అయిదు శతాబ్దములకు పైగ గడచిన పిమ్మట, 2009లో, అమెరికాలో జోడీ మిండెల్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును 405 మంది తల్లులతో ఒక పరిశీలన జరిపిరి. వారి బిడ్డలు 7 నెలలు మొదలు 3 సంవత్సరముల వయస్సు వరకు గలవారు. ఒక వర్గపు తల్లులు ఎప్పటివలెనే ఉండిరి. రెండవ వర్గమువారు రెండు వారములపాటు ప్రతి రాత్రియు ఒకే వరుసను పాటించిరి. గోరువెచ్చని స్నానము, ఒంటికి మెల్లని మర్దనము, పిమ్మట ఒడిలో నుంచుకొని ఒక పాటయో ముద్దుమాటయో, అరగంట లోపల దీపమార్పుట. ఈ రెండవ వర్గపు బిడ్డలు త్వరగ నిద్రపోయిరి. రాత్రి మేల్కొనుట తగ్గెను. తల్లుల మనస్సును కొంత కుదుటపడెను.

ఆ పరిశీలనకు ధనసహాయము చేసినది శిశువులకు నూనెలు, సబ్బులు అమ్ము కంపెనీయే. కనుక పాఠకులు ఒక్క విషయమును జాగ్రత్తగ గ్రహింపవలెను. మహిమ సీసాలో లేదు. గోపికల నూనెలోను లేదు, అమెరికా తల్లుల లేపనములోను లేదు. ప్రతి రాత్రియు అదే వేళకు అదే వరుస నడచుటలో నున్నది. మాటలు రాని బిడ్డ గడియారము చూడనేరదు. ఆ వరుసయే దానికి గడియారము. నీళ్లు పోసిన పిదప పాట వచ్చును, పాట వచ్చిన పిదప నిద్ర వచ్చును అని దాని ఒళ్లు నేర్చుకొనును.

శరీరము లోపల మరియొక గడియారమును కలదు. దాని యంత్రాంగమును విప్పి చూపినందులకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అను మువ్వురికి నోబెల్ బహుమతి లభించినది. పెద్దవారిలో చీకటిపడిన పిదప మెదడులో మెలటోనిన్ అను పదార్థము ఊరి నిద్రకు దారి తీయును. అప్పుడే పుట్టిన బిడ్డలో ఈ ఏర్పాటు కుదురుకొనియుండదు. రెండు మూడు నెలలు గడచిన పిదపనే రాత్రికిని పగటికిని భేదము తెలియ నారంభించును. అందుచేత తొలి నెలలలో బిడ్డ రాత్రిని పగలు చేసినచో అది మొండితనము కాదు. తల్లి అసమర్థతయు కాదు. ఉదయము వాకిట వెలుతురు చూపుట, పగలు ఆడించి మాటలాడించుట, రాత్రి పాలిచ్చునపుడు చిన్న దీపముతో, ముచ్చటలు లేకుండ ముగించుట—ఇవియే ఆ గడియారమునకు కీ ఇచ్చు పనులు.

ఎన్ని గంటల నిద్ర కావలెననునదియు ఇప్పుడు తెలిసిన విషయమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారము 3 నెలల వరకు రోజునకు 14 నుండి 17 గంటలు, 4 నుండి 11 నెలల వరకు 12 నుండి 16 గంటలు, ఒకటి రెండు సంవత్సరములవారికి 11 నుండి 14 గంటలు, మూడు నాలుగు సంవత్సరములవారికి 10 నుండి 13 గంటలు నిద్ర అవసరము. పగటి కునుకులును ఈ లెక్కలో చేరినవే. అయితే ఇన్ని గంటలును ఏకధాటిగ పట్టవలెనని ఎవరును చెప్పలేదు. పసివారి నిద్ర అలలవలె వచ్చును. ఇంచుమించు గంటకొక అల. అలకును అలకును నడుమ బిడ్డ కదలును, మూలుగును, ఒక్కొకప్పుడు కన్ను తెరచును. మూలిగినంతనే ఎత్తుకొనక రెండు నిమిషములు వేచి చూచినచో పలుమారులు తనంత తానే మరల నిద్రలోనికి జారుకొనును. కెనడా పరిశోధకులు 2018లో ప్రకటించిన పరిశీలనలో 6 నెలల బిడ్డలలో 38 శాతము మంది రాత్రి వరుసగ 6 గంటలైనను నిద్రింపలేదని తేలెను. అందువలన వారి వికాసమునకు కొరత కలిగినట్లు కనబడలేదు. ఈ ఒక్క మాట ఇంటి పెద్దలకు తెలిసియున్నచో ఎందరో తల్లుల కన్నీరు తుడిచినట్లగును.

ఇక పాట సంగతి. వరంగల్లు జిల్లా దేవనూరులో 1925లో జన్మించిన బిరుదురాజు రామరాజు పల్లెపల్లె తిరిగి జానపదుల పాటలను సేకరించి, వాటిపై పరిశోధన చేసి, ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ను 1958లో వెలువరించెను. అంతవరకు పండితులు పట్టించుకొనని పాటలకు విశ్వవిద్యాలయమున పీట వేసిన ఘనత ఆయనది. అట్టి పాటలలో జోలపాట చిన్నచెల్లెలు వంటిది. దానికి శ్రోత ఒక్కడే. ఆ శ్రోతకు అర్థముతో పనిలేదు. పాట ముగియక మునుపే అతడు నిద్రించినచో అదియే దానికి మెప్పు. అందుచేతనే జోలలో రాగము ఎగసిపడదు. లయ తొట్టెల ఊపును దాటిపోదు. పలికిన మాటనే మరల పలుకుదురు. ఓరుగల్లు స్త్రీలు బతుకమ్మ చుట్టు తిరుగుచు పాడు పాటలలో చరణము చరణమునకు వచ్చు పల్లవి మాటయు ఉయ్యాలయే. తొట్టెలలో విన్న ఊపును ఆడుబిడ్డలు పూలపండుగ వరకు మోసికొని వచ్చిరని భావించుట తప్పు కాదు.

ఊపు వట్టి అలవాటు కాదని శాస్త్రజ్ఞులును చూపిరి. స్విట్జర్లాండులో 2019లో వెలువడిన పరిశోధనయందు మెల్లగ ఊగు మంచముపై పరుండిన యువకులు త్వరగ నిద్రించుటయేగాక గాఢనిద్రలో ఎక్కువసేపు ఉండిరి. జపానులో 2022లో మరియొక పరిశోధన జరిగెను. ఏడ్చుచున్న బిడ్డను ఎత్తుకొని 5 నిమిషములు ఆగకుండ నడచి, నిద్రపట్టిన పిదప మరి 5 మొదలు 8 నిమిషములు ఒడిలోనే ఉంచుకొని కూర్చుండి, అప్పుడు పడుకోబెట్టినచో మెలకువ వచ్చుట తక్కువయని వారు కనుగొనిరి. భుజముపై వేసికొని వాకిట పచారు చేసిన తాతలకు ఈ పరిశోధన చెప్పునది కొత్త కాదు. వారు ఎరుగనిది ఆ చివరి ఓపిక మాత్రమే.

ఇప్పుడు పాట తల్లి గొంతు విడిచి సెల్‌ఫోనులోనికి పోయినది. బిడ్డ చేతికి అద్దమువంటి తెర ఇచ్చి జోల వినిపించుట అనేక గృహములలో కానవచ్చుచున్నది. తెర పాటతోపాటు వెలుతురును ఇచ్చును. చిక్కంతయు అక్కడనే యున్నది. అమెరికాలోని కొలరాడోలో 3 మొదలు 5 సంవత్సరముల పిల్లలను నిద్రవేళకు ముందు ఒక గంటసేపు గట్టి వెలుగులో నుంచి చూచిరి. వారి మెలటోనిన్ దాదాపు 88 శాతము అణగిపోయెనని 2018లో ప్రకటించిరి. పరీక్షింపబడిన పిల్లలు పదిమందియే. అది తెర వెలుగు కంటె బలమైన వెలుగు. అయినను పసికన్నులు వెలుతురునకు ఎంత లోబడునో దానివలన తెలియుచున్నది. ఒక సంవత్సరము లోపు బిడ్డకు తెర చూపనే రాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. గొంతు బాగుండదని తల్లులు సంకోచింపనక్కరలేదు. బిడ్డ అపశ్రుతిని పట్టదు. తనవారి గొంతును గుర్తుపట్టును.

అట్లని పాతదంతయు బంగారమని చెప్పుట సత్యము కాదు. పాత ఇండ్లలోను బిడ్డను నిద్రపుచ్చుటకు అడ్డదారులుండెను. వాటిలో కెల్ల ఘోరమైనది నల్లమందు. బొంబాయి బట్టల మిల్లులలో పనిచేయు తల్లులు ‘బాల్ గోళీ’ అను నల్లమందు బిళ్లను పసివారికి వేసి పనికి పోవుచుండిరి. 1931లో నివేదిక సమర్పించిన విట్లీ కార్మిక కమిషన్ దృష్టికి ఈ దురాచారము వచ్చెను. ఆ తల్లులు క్రూరులు కారు. తొట్టెల ఊపుటకు ఇంట మరియొక చేయి లేదు, అంతే. ఆ బిళ్ల పోయినను ఆ బుద్ధి పూర్తిగ పోలేదు. జలుబు మందు త్రాగినచో మత్తుగ పరుండునని పసివారికి పోయుట నేటికిని కలదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును 4 సంవత్సరముల లోపు పిల్లలకు వాడరాదని సీసాలపై ముద్రింపవలెనని భారత ఔషధ నియంత్రణాధికారులు 2023లో ఆదేశించిరి. నిద్రకొరకు మందు పోయుట నిద్రనిచ్చుట కాదు, నోరు నొక్కుట.

బూచివాని పేరు చెప్పి కన్నులు మూయించుటయు అట్టిదే. భయముతో మూసిన కన్ను నిద్రపోదు. చీకటి అనిన దానికి పగ యేర్పడవచ్చును. పడక విషయమునను మార్చుకొనవలసినవి కలవు. పసిబిడ్డను బోర్ల పడుకోబెట్టరాదు, వెల్లకిలగనే పడుకోబెట్టవలెను. అమెరికాలో 1994లో ఈ ఒక్క మాటను ఇంటింట ప్రచారము చేసినపిదప, నిద్రలో హఠాత్తుగ మరణించు శిశువుల సంఖ్య కొన్ని సంవత్సరములలోనే సగమునకు తగ్గెను. దిండు, దట్టమైన బొంత ముఖము దరి నుండరాదు. చీరతో కట్టిన తొట్టెలలో బిడ్డ గడ్డము రొమ్మున కానుకొని ముడుచుకొనిపోయినచో ఊపిరి కష్టమగును. చదునైన పడకయే మేలు. చీర తొట్టెలలో నిద్రించిన బిడ్డను పెద్దల చూపు దాటనీయరాదు. పొగ త్రాగినవాడు, కల్లు త్రాగినవాడు బిడ్డ ప్రక్కన పరుండరాదు.

ఏడ్చు బిడ్డను ఏడ్వనిచ్చి నిద్ర నేర్పవలెనా, ఎత్తుకొనవలెనా అను వాదము పాశ్చాత్యదేశములలో నూరేండ్లనుండి నడచుచున్నది. బిడ్డలను ముద్దాడుటయే తప్పని జాన్ వాట్సన్ 1928లో వ్రాసెను. రిచర్డ్ ఫెర్బర్ 1985లో నడిమి మార్గము చూపెను; కొంచెము కొంచెముగ వేచి, మధ్యమధ్య పోయి ఓదార్చుట ఆ మార్గము. ఆరు నెలలు దాటిన ఆరోగ్యవంతుడైన బిడ్డకు ఆ పద్ధతివలన హాని కలుగునని రుజువు కాలేదు. దానిని పాటించినవారిని నిందింపనక్కరలేదు. అయితే ఒకే గదిలో ఆరుగురు పరుండు ఇంట, గోడకు గోడ ఆనియున్న వాడకట్టులో ఆ పద్ధతి సాగునది కాదు. ఇక్కడి బలము వేరు. ఇక్కడ మనుషులు దగ్గరగ నున్నారు. ఆ బలమును వాడుకొనుట తెలివి.

భాగవత కథలోనే మరియొక ఘట్టము దీనికి దృష్టాంతము. కృష్ణుడు బోర్లపడిన వేడుకనాడు యశోద అతనిని నిద్రపుచ్చి, వచ్చిన చుట్టములను ఆదరించు సందడిలో బిడ్డ ఏడుపు వినలేదు. ఆ నడుమనే శకటము కూలెను. పరుగెత్తి వచ్చిన గోకులమువారు బిడ్డ క్షేమమునకు సంతసించిరేగాని, నీవెట్లు వినవైతివని ఆమెను నిలదీయలేదు. నేటి అత్తలును భర్తలును ఆ గోకులమువారినుండి నేర్వవలసినది కలదు.

పని తల్లిని ఇల్లు దాటించిన ఊరిలో ఈ మాట మరింత అవసరము. వరంగల్లులో 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు మూతపడి ఏండ్లు గడచినవి. రాత్రిపని మాత్రము ఊరిని విడువలేదు. ఆసుపత్రులలో నర్సులు, కాజీపేట జంక్షనులో రైల్వే ఉద్యోగులు, 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా జౌళి పార్కులో కార్మికులు కలరు. 50 మంది గాని అంతకు మించి గాని పనిచేయుచోట శిశుసంరక్షణ గది ఉండవలెనని 2017లోనే ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ నిర్దేశించినది. గది పగటికి సరిపోవును. రాత్రికి కావలసినది తండ్రి. పాలిచ్చుట తప్ప తండ్రి చేయలేని పని ఈ విషయమున ఏదియు లేదు. నీళ్లు పోయవచ్చును, భుజమున వేసికొని నడువవచ్చును, పాడవచ్చును. మగవాడు జోల పాడిన నగుబాటు అనువారు అన్నమాచార్యుని, త్యాగరాజును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. వారు దేవునికి జోలలు, ఉయ్యాలపాటలు కట్టుటకు సిగ్గుపడలేదు.

తండ్రి చేపట్టని త్రాడు చాల ఇండ్లలో మరియొక చేతికి పోవుచున్నది. ఆ చేయి ఇంటి పెద్దకూతురుది. ఆమె అయిదవ తరగతియో ఆరవ తరగతియో చదువుచుండును. తల్లి అంట్లు తోమి వచ్చు వరకు తొట్టెల ఊపును. రాత్రి తమ్ముడు లేచినపుడు తానును లేచును. మరునాడు లెక్కల గంటలో కునికిపాట్లు పడును. ఆరు మొదలు పండ్రెండు సంవత్సరముల పిల్లలకు 9 నుండి 12 గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచుండగ, ఆమెకు దక్కునది అందులో ఎంత? తమ్ముని నిద్ర అక్క చదువునుండి కోసి ఇచ్చునది కారాదు.

ఈ స్థలముననే ఉపాధ్యాయుని పాత్ర ప్రారంభమగును. తరగతిలో తూగు పిల్లను బెంచీ ఎక్కించుటకు ముందు, రాత్రి ఎప్పుడు పండుకొన్నావని ఒక్క ప్రశ్న అడుగవలెను. ఆ జవాబులో ఇంటి కథ అంతయు బయటపడును. ఒకనికి టీవీ సీరియలు ముగియువరకు దీపమార్పరు. అట్టివానికి ఉదయము 6 గంటలకు లేవవలెనన్నచో రాత్రి 9 గంటలకైనను నిద్రింపవలెనను చిన్న లెక్కను తల్లిదండ్రుల సమావేశమున చెప్పవచ్చును. ఒకడు నిద్రలో గురకపెట్టి నోటితో ఊపిరి పీల్చును. అట్టివానికి కావలసినది బెత్తము కాదు, గొంతు, ముక్కు పరీక్షించు వైద్యుడు. ఒక బాలిక చేతిలో తొట్టెల త్రాడు ఉండును. ఆమె తండ్రిని పిలిపించి మాటలాడవలెను, తల్లిని కాదు. విద్యార్థులకును చేయదగినది కలదు. తమ్ముడో చెల్లెలో పండుకొను వేళకు సెల్‌ఫోను చప్పుడు తగ్గించి, పెద్ద దీపము నార్పి, ఒక పాట నేర్చి పాడుట వారి శక్తికి మించినది కాదు. అమ్మమ్మ నోట నున్న జోలను నోటుపుస్తకమున వ్రాసికొన్నచో తెలుగు వాచకము బోధింపని పాఠమొకటి దక్కినట్లే.

వేసవిలో వరంగల్లు ఎండ 40 డిగ్రీలు దాటును. మిద్దెపైకి మంచము లెక్కును, దోమతెరలు కట్టుదురు, కరెంటు పోవును. అట్టి రాత్రులలో బిడ్డ పండుకొను చోటు మారవచ్చును. వేళ మారకుండుట, వరుస మారకుండుట ఇంటివారి చేతిలోనున్నది. తొట్టెల ఒక్కటే, దాని త్రాడు పొడవైనది. అది ఒక చేతినుండి మరియొక చేతికి అందునంత పొడవుగనే పెద్దలు దానిని కట్టిరి. ఆ త్రాడును తల్లి ఒక్కతె రాత్రి రెండు గంటలకు నిద్రకన్నులతో లాగుచున్న ఇంట, “పిల్లను పండబెట్టుడు రాదా?” అని అడుగుటకు ఎవరికిని హక్కు లేదు. అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: “జర ఇటియ్యి, నేనూపుత.”